ముందు చక్రానికి ముందా, వెనకా?

1982లో ఎన్.టి. రామారావు గారు పార్టీ పెట్టి ఊళ్ల మీదికి బయల్దేరినప్పుడు ఆయన ఎక్కిన పాత షెవ్రొలే వ్యాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చైతన్యరథం. నెలల తరబడి ఆయన నిద్రా విశ్రాంతీ అందులోనే. దాని పైకెక్కి ఆయన ప్రసంగిస్తున్న ఫొటోలు ఎన్నికలొచ్చినప్పుడల్లా పత్రికల్లో కనబడుతూనే ఉంటాయి. ఆ బండి నడిపింది ఆయన కుమారుడు హరికృష్ణ గారు. అన్ని వేల కిలోమీటర్లు ఆ స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి మోకాళ్లు ఎక్కడికొచ్చేవి, ఎండపూట ఇంజను వేడి కాళ్లకెంత తగిలేది, సాయంత్రానికి నడుము ఏమనేది? ఆ ఫొటోలు చూసేవాళ్లెవరికీ ఈ ప్రశ్న తట్టదు. ఇల్లుగా మారిన బండి గురించి మాట్లాడితే మనం ఇంటి గురించే మాట్లాడతాం. నడిపే సీటు ఊసే ఎత్తం.

ఈ పూట ఆ సీటు గురించే చెబుతాను. అయితే మన ఊళ్లలో కాదు, ఈ బండ్లు వేల సంఖ్యలో తిరిగే అమెరికాలో. అక్కడ వీటిని మోటార్‌హోమ్ అంటారు. మంచం, వంటగది, స్నానాలగది, సోఫా, టీవీ అన్నీ ఉన్న బస్సు. పెద్దవి 45 అడుగుల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు ఉంటాయి. బాగా బరువైనవి 24 టన్నులు దాటతాయి. నడిపేవాళ్లు ఉద్యోగపు డ్రైవర్లు కారు. ఉద్యోగం నుంచి రిటైరై, ఇల్లు అమ్ముకుని గానీ పిల్లలకు అప్పగించి గానీ రోడ్డెక్కిన దంపతులే ఎక్కువ. చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సే సరిపోతుంది. అరవై అయిదేళ్ల మనిషి, జీవితమంతా కారు తప్ప మరొకటి నడపని మనిషి, ఒక ఉదయం బస్సు స్టీరింగు పట్టుకుంటాడు. అందుకని అక్కడ సీటు సుఖమనేది షోకు కాదు. నడుము నొప్పితో, తిమ్మిరెక్కిన కాలితో ఆ బరువును నడపడం పక్కబండి వాడికి కూడా ప్రమాదమే.

కానీ అమ్మే చోటికి వెళ్లి చూడండి. తలుపు తెరవగానే ఎక్కిన వాళ్లు డ్రైవరు సీటు దాటుకుని తిన్నగా లోపలికి పోతారు. ఫ్రిజ్ తెరుస్తారు, పరుపు నొక్కి చూస్తారు, స్నానాలగదిలో నల్లా తిప్పుతారు. అమ్మే కుర్రాడు కూడా గ్రానైటు బల్ల మీద చెయ్యి రాస్తూ మాట్లాడతాడు. డ్రైవరు సీటు దగ్గరికొచ్చేసరికి తోలు ఎంత మెత్తగా ఉందో చూపించి సరిపెడతాడు. నా దృష్టిలో ఆ తోలు ఈ కథలో చివరి అధ్యాయం. మొదటి అధ్యాయం ఒకటే ప్రశ్న: కూర్చున్న మనిషి ముందు చక్రానికి ముందున్నాడా, వెనకున్నాడా?

ఎద్దుబండి తోలే వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. బండివాడు కూర్చునేది తొట్టి మధ్యలో కాదు, ఇరుసుకి బాగా ముందు, నొగల దగ్గర. గతుకొస్తే గడ్డి మోపు మీద పడుకున్నవాడికి ఊపు, ముందు కూర్చున్నవాడికి కుదుపు. పెద్ద మోటార్‌హోముల్లో, అంటే ‘ఏ’ తరగతి అని పిలిచే బస్సు ఆకారపు బండ్లలో, డ్రైవరు స్థానం సరిగ్గా అదే. ముందు చక్రాల ఇరుసు ఆయన వీపు వెనక ఉంటుంది. ముందు చక్రాలు గతుకెక్కినప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది. ఆ ముక్కు మీద ఉన్నది ఆయనే. వెనక మంచం మీద పడుకున్న భార్యకి నిద్రాభంగం కాని గతుకు, ఆయన నడుముకి తెలుస్తుంది.

దీనికి అమెరికా రోడ్లు ఇంకొంచెం సాయం చేస్తాయి. అక్కడి హైవేలు చాలా చోట్ల కాంక్రీటు పలకలతో వేసినవి. పలకకీ పలకకీ మధ్య అతుకు. ఆ అతుకులు సుమారు 15 అడుగులకొకటి వస్తాయనుకోండి. గంటకు 105 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు ఆరుకి పైగా అతుకులు దాటతాం. మనిషి కూర్చుని ఉండగా వెన్నెముకకి అన్నిటికంటే బాధ కలిగించే కుదుపులు సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్య వచ్చేవేనని ఇంజనీర్లు ఎప్పుడో తేల్చారు. అంటే రోడ్డు వేసినవాళ్లూ, వేగం నిర్ణయించినవాళ్లూ తెలియకుండానే చేతులు కలిపి మన నడుముకి సరిగ్గా సరిపోయే లెక్క కట్టారన్నమాట. గాలి సంచి మీద తేలే సీటు ఇందుకే వచ్చింది. దాని సహజమైన ఊపు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు. అంతకంటే బాగా వేగంగా వచ్చే కుదుపులని అది కిందే మింగేస్తుంది. బస్సు డ్రైవర్లకి, లారీ డ్రైవర్లకి ఆ సీటు ఉన్నప్పుడు, లక్షల డాలర్ల మోటార్‌హోముల్లో కొన్నిటికి అది లేకపోవడం, దాని బదులు మెత్తని తోలు సోఫా లాంటి సీటు పెట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. కూర్చున్న మొదటి పది నిమిషాలు ఆ తోలు సీటుదే గెలుపు. మూడో గంటకి తెలుస్తుంది అసలు సంగతి.

చక్రానికి ముందు కూర్చోవడంలో ఇంకో తిరకాసు మలుపు దగ్గర. కారులో అలవాటు పడ్డవాళ్లు మూల రాగానే స్టీరింగు తిప్పుతారు. ఇక్కడ అలా తిప్పితే వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కుతాయి. మనం కూర్చున్న చోటు చౌరస్తాలోకి బాగా చొచ్చుకుపోయి, ఎదురు వరస మీదికి వెళ్లిపోతున్నామేమో అనిపించాక, అప్పుడు తిప్పాలి. మన హైదరాబాదు, విజయవాడ మధ్య గరుడ వోల్వో బస్సులు నడిపిన డ్రైవర్లకి ఇది చేతి అలవాటు. ఆ బస్సులు చాలాసార్లు ఎక్కిన వాళ్లు గమనించే ఉంటారు, బస్టాండులో మలుపు తిరిగేటప్పుడు డ్రైవరు గోడకి కొట్టేస్తాడేమో అన్నంత దగ్గరికి వెళ్లి, చివరి క్షణంలో తిప్పుతాడు. ఆయన కింద చక్రం లేదు మరి, వెనక ఉంది.

అలాగని చక్రానికి వెనక కూర్చుంటే అంతా సుఖమా? సీ తరగతి బండ్లు చూద్దాం. వ్యాను ముందు భాగాన్ని అలాగే ఉంచి, వెనక ఇల్లు కట్టి, డ్రైవరు నెత్తి మీదుగా ఒక మంచం ముందుకి పొడిచినట్టు ఉంటాయి. అద్దెకి దొరికేవి ఎక్కువగా ఇవే. డల్లాస్ నుంచో హ్యూస్టన్ నుంచో పిల్లలతో ఎల్లోస్టోన్ చూడడానికి బయల్దేరే మన తెలుగు కుటుంబాలు మొదట నడిపేదీ ఇదే. ఫోర్డ్ ఈ-450 వ్యాను మీద కట్టినవి కొల్లలు. ముందు చక్రం డ్రైవరు కాళ్ల ముందుంటుంది కాబట్టి మలుపు కారు అలవాటుకి దగ్గరగా ఉంటుంది, కుదుపు కూడా కొంత తక్కువ. కానీ ఇంజను సగం డ్యాష్‌బోర్డు కిందికి, సీట్ల మధ్యకి చొచ్చుకొచ్చి ఉంటుంది. పక్కన కూర్చున్న వాళ్లకి కాళ్లు చాపే చోటు ఉండదు. ఒక కాలు వంకరగా పెట్టుకోవాలి. నెత్తి మీద మంచం వల్ల ట్రాఫిక్ లైటు కనబడాలంటే స్టీరింగు మీదికి వంగి పైకి చూడాలి. ఏ రోడ్డు మీదైనా ఒక పెద్దమనిషి స్టీరింగుని కౌగిలించుకుని ఆకాశం వంక చూస్తుంటే అది సీ తరగతి బండి అని పందెం కట్టవచ్చు.

‘ఏ’ తరగతిలోనే పెట్రోలు బండ్లు ఇంకో రకం. వీటిలో ఎక్కువ వాటికి అడుగున ఉండేది ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్. ఇంజను ముందే, రెండు సీట్ల మధ్య ఒక పెద్ద మూత కింద. ఆ మూత మీద కాఫీ కప్పు పెట్టుకోవచ్చు, దాని వేడీ చప్పుడూ మాత్రం ఉచితం. మూత కోసం పెడళ్లు ఎడమకి జరుగుతాయి. నడుము తిన్నగా, కాళ్లు ఓరగా. కొండ ఎక్కేటప్పుడు భార్యాభర్తలు మాట్లాడుకోవాలంటే గొంతు పెంచాల్సిందే. ముందు సస్పెన్షను మన లారీల్లో కమాన్ కట్టలనే స్ప్రింగు పట్టీలదే. కొనేవాళ్లు ఎందుకు కొంటారంటే ధర సగానికి సగం తక్కువ. అది న్యాయమైన కారణమే. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

ఇంజను ముందు పెట్టి కూడా డ్రైవరుని సుఖపెట్టిన బండి ఒకటుంది. నాకు ఈ కథలన్నిటిలో ముద్దొచ్చే బండి అది. 1973లో జనరల్ మోటార్స్ వాళ్లు సొంతంగా తయారుచేసిన జీఎంసీ మోటార్‌హోమ్. అప్పటిదాకా మోటార్‌హోమ్ అంటే ఎక్కువగా లారీ ఛాసిస్ మీద పెట్టిన పెట్టె. వీళ్లు అలా చెయ్యలేదు. ఓల్డ్స్‌మొబీల్ టొరొనాడో అనే విలాసవంతమైన కారులోంచి ఏడున్నర లీటర్ల ఇంజను, దాంతో ముందు చక్రాలనే నడిపే గేరు పెట్టె తెచ్చి బిగించారు. వెనక చక్రాలకి శక్తి పంపే కడ్డీ అక్కర్లేదు కాబట్టి నేల కిందికి దిగిపోయింది. రోడ్డుకీ ఇంటి నేలకీ మధ్య ఎత్తు 14 అంగుళాలే. వెనక ఒక్కో పక్క రెండేసి చక్రాలు ఒకదాని వెనక ఒకటి, వాటి మధ్య గాలి సంచి. బండి పొట్టి, బరువు కిందికి ఉంది, పక్కగాలికి ఊగదు. ముందు అద్దం విశాలంగా పక్కలకి తిరిగి ఉంటుంది. నడిపేవాడికి బస్సు మీద కాదు, పెద్ద కారులో కూర్చున్నట్టు ఉంటుంది. కళ్ల ఎత్తు పక్క వాహనాల వాళ్లకి కాస్త పైన, అంతే. 23 అడుగులు, 26 అడుగులు, రెండే కొలతలు. 1978లో ఆపేశారు. అప్పటికి తయారైనవి 13 వేల లోపు. 1981లో వచ్చిన స్ట్రైప్స్ అనే హాలీవుడ్ హాస్యచిత్రంలో మిలిటరీ రహస్య వాహనంగా వేషం కట్టింది ఈ బండే. ఇప్పటికీ వీటిని బాగుచేసుకుని తిప్పేవాళ్లున్నారు, వాళ్లకి సంఘాలున్నాయి. దాని తర్వాత పెద్ద కంపెనీ ఏదీ డ్రైవరు వైపు నుంచి మొదలుపెట్టి అమెరికాలో మోటార్‌హోమ్ తయారుచెయ్యలేదనే నా అభిప్రాయం. ఇంట్లో గదులు పెంచుకుంటూ పోయారు. సీటుని మిగిలిన చోట ఇరికించారు.

ఇప్పుడు అసలు సంపన్నుల బండ్లకి వద్దాం. ఇంజను వెనక ఉండే డీజిల్ బస్సులు. అక్కడివాళ్లు పుషర్లంటారు, వెనకనుంచి తోస్తుంది కాబట్టి. ఇండియానాలో నాపనీ అనే ఊళ్లో న్యూమార్, అదే రాష్ట్రంలో మిడిల్‌బరీలో ఎంటెగ్రా, అలబామాలో రెడ్ బే అనే చిన్న ఊళ్లో టిఫిన్ — వీళ్లంతా ఈ రకం చేస్తారు. ఇంజను నలభై అడుగుల వెనక ఉంటుంది కనుక ముందు కూర్చున్నవాళ్లకి గాలి చప్పుడు, టైర్ల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. సీట్ల మధ్య మూత లేదు. కింద గాలి సంచుల సస్పెన్షను. ఖరీదైనవాటిలో ముందు చక్రాలు దేనికది విడిగా ఊగే ఏర్పాటు. దానివల్ల ఒక చక్రం గుంటలో పడితే రెండోది కదలదు, పైగా చక్రాలు బాగా పక్కకి తిరుగుతాయి కనుక ఇరుకు మూలల్లో ఇబ్బంది తగ్గుతుంది.

వినడానికి స్వర్గం. కూర్చుంటే చిన్న చిన్న లోపాలు బయటపడతాయి. చాలావాటిలో కరెంటు పుట్టించే జనరేటరు బండి ముక్కులో, డ్రైవరు కాళ్ల ముందే ఉంటుంది. ఎండాకాలంలో అంత పెద్ద అద్దం వెనక డ్యాష్‌బోర్డు ఏసీ చాలదు. కప్పు మీది ఏసీలు వెయ్యాలి, దానికి జనరేటరు నడవాలి. ఇంజను చప్పుడు వెనక్కి పంపినవాళ్లు ఈ చప్పుడుని ముందుకి తెచ్చారు.

రెండోది గోడ. ఈ బండ్ల గోడలు ఆగినప్పుడు బయటికి జరిగి ఇంటిని వెడల్పు చేస్తాయి, స్లైడవుట్ అంటారు. ప్రయాణానికి ముందు అవి లోపలికి వస్తాయి. ఎడమవైపు పొడవాటి స్లైడవుట్ ఉన్న కొన్ని బండ్లలో అది లోపలికొచ్చాక డ్రైవరు సీటు వెనక వరకూ వచ్చి ఆగుతుంది. సీటు ఇంక వెనక్కి జరగదు, వాలదు. బండి ఆగి, గోడలు బయటికున్నప్పుడు షోరూములో కూర్చుని చూసిన ఆరడుగుల మనిషి ఎంతో బాగుందని సంతకం పెడతాడు. రోడ్డెక్కిన రోజు మోకాళ్లు స్టీరింగుకి తగులుతాయి.

ఇక పొట్టివాళ్ల కష్టం వేరు. గాలి బ్రేకుల బండ్లు చాలావాటిలో బ్రేకు పెడలు కారులో లాగా పైనుంచి వేలాడదు, నేల మీద పలకలా వాలి ఉంటుంది. పాదం మొత్తం లేపి దాని మీద పెట్టి తొక్కాలి. సీటు ఎత్తు పెద్దది. పాదాలు నేలకి ఆనకపోతే సీటు అంచు తొడ వెనక నరాన్ని నొక్కి కాలు తిమ్మిరెక్కుతుంది. సీటు దించుకుంటే ముందు డ్యాష్‌బోర్డు అడ్డం వచ్చి బంపరు దగ్గరి రోడ్డు కనబడదు. ముందుకి జరుపుకుంటే పొట్టకి స్టీరింగు. మన తెలుగువాళ్ల సగటు ఎత్తు, ముఖ్యంగా ఆడవాళ్ల ఎత్తు తల్చుకుంటే ఇది చిన్న విషయం కాదు. మీటనొక్కితే పెడళ్లే మనవైపు జరిగివచ్చే ఏర్పాటు కొన్ని ఖరీదైన బండ్లలో ఉంది. తోలు రంగు కంటే ముందు అడగాల్సింది దాని గురించి. అలాగే సీటు బెల్టు. గాలి సీటు పైకీ కిందికీ ఊగుతుంటే బెల్టు గోడకి బిగించి ఉందనుకోండి, ప్రతి ఊపుకీ మెడ దగ్గర రాసుకుంటూనే ఉంటుంది. బెల్టు సీటుకే కుట్టి ఉంటే దాంతోపాటే ఊగుతుంది. అయిదు రూపాయల తెలివి, అంతే. అది లేని బండికి అయిదు లక్షల డాలర్లు పోసినా భుజం ఒరుసుకుపోతుంది.

న్యూమార్ వాళ్లు చేసిన ఒక పనిని మాత్రం మెచ్చుకోవాలి. కంఫర్ట్ డ్రైవ్ అని స్టీరింగుకి ఒక విద్యుత్ సహాయం పెట్టారు. స్టీరింగు ఎంత తేలిగ్గా తిరగాలో నడిపేవాడు తన చేతికి తగ్గట్టు పెట్టుకోవచ్చు. పక్కగాలి బండిని ఒక వైపు తోస్తుంటే, రోడ్డు ఒక పక్కకి వాలి ఉంటే, దాన్ని సరిదిద్దే బరువు అది మోస్తుంది. వయోమింగ్‌లో ఇంటర్‌స్టేట్ 80 మీద గాలి ఎంత తీవ్రంగా ఉంటుందంటే తేలికైన ఎత్తు వాహనాలని ఆపేసే రోజులుంటాయి. అలాంటి చోట నాలుగు గంటలు స్టీరింగుని ఒక పక్కకి లాగి పట్టుకుని నడిపినవాడి భుజాలకి దాని విలువ తెలుస్తుంది. సీటు సుఖమంటే కూర్చునే చోటు ఒక్కటే కాదు, చేతులు పడే శ్రమ కూడా.

అన్నిటికంటే పైమెట్టున ఉండేది ప్రెవో. కెనడాలో క్విబెక్ రాష్ట్రంలోని సెయింట్ క్లెయిర్ అనే ఊరు. 1924లో యూజీన్ ప్రెవో అనే వడ్రంగి ఒక లారీ ఛాసిస్ మీద బస్సు బాడీ కట్టడంతో మొదలైంది. అంతకుముందు ఆయన పని చర్చి బెంచీలు, బడి బల్లలు చెయ్యడం. కూర్చునే వస్తువులు చేసేవాడు మొదలుపెట్టిన కంపెనీ కూర్చోవడంలో పేరు తెచ్చుకోవడం ముచ్చటగానే ఉంది. ఇప్పుడది వోల్వో గ్రూపులో భాగం, ఇంజనూ వోల్వోదే. గమ్మత్తేమంటే ప్రెవో ఇల్లు కట్టదు. స్టీలు గుల్ల కట్టి, నడిచేలా చేసి, ఒరెగాన్‌లోని కోబర్గ్ దగ్గర ఉన్న మారథాన్ కోచ్, ఇల్లినాయ్‌లో లిబర్టీ కోచ్ లాంటి వాళ్లకి అప్పగిస్తుంది. వాళ్లు లోపల రాజభవనం కడతారు. కొత్తది 20 లక్షల డాలర్లు దాటుతుంది. అంటే డ్రైవరు స్థానం మొదట నిర్ణయించినవాళ్లు వేరు, చుట్టూ అలంకరించేవాళ్లు వేరు. ఆ మొదటివాళ్లు నిజమైన బస్సులు చేసేవాళ్లు. రోజుకి ఎనిమిది గంటలు, ఏళ్ల తరబడి కూర్చునే డ్రైవరుని దృష్టిలో పెట్టుకుని చేసినవాళ్లు. పెడలు ఎక్కడ, స్టీరింగు ఎంత వాలు, అద్దం ఎటు తిరగాలి అన్నవి అక్కడ అందానికి లోబడవు. నా లెక్కలో ప్రెవోకి ఇచ్చే డబ్బులో విలువైనది ఇదే. బంగారు రంగు నల్లాలు కాదు.

ప్రెవోలో రెండు గుల్లలున్నాయి. హెచ్3-45, ఎక్స్3-45. రెండూ 45 అడుగులే. హెచ్3 ఒక అడుగు పైచిలుకు ఎత్తు. ప్రయాణికుల బస్సుగా నడిచేటప్పుడు హెచ్3లో డ్రైవరు కిందా, ప్రయాణికులు పైనా కూర్చుంటారు. ఇల్లుగా మార్చినప్పుడు దాని ఎత్తు సామాను గదికీ, పెద్ద అద్దంలోంచి కనబడే దృశ్యానికీ పనికొస్తుంది. రాకీ పర్వతాలు ఆ అద్దంలో సినిమా తెరలా పరుచుకుంటాయి. వెనక చూపించే అద్దాలు పైనుంచి ముందుకి వేలాడుతుంటాయి. మెడ తిప్పకుండా కన్ను తిప్పితే చాలు. కానీ ఎత్తు పెరిగితే ఊగడం కూడా పెరుగుతుంది. ఎక్స్3 పొట్టిది, దాని బరువు రోడ్డుకి దగ్గరగా ఉంటుంది. వంపుల్లో, గాలిలో నాకు అదే నమ్మకం కలిగిస్తుంది. అందరూ హెచ్3ని మోజుపడి కొంటారు, దాని దర్జా అలాంటిది. ఎవరైనా నన్నడిగితే నడిపేవాడికి ఎక్స్3, కూర్చుని చూసేవాడికి హెచ్3 అంటాను. ఇంట్లో ఇద్దరూ ఉంటారు కనుక అక్కడే తగువు.

ఓక్లహోమాలో మయామి అనే ఊరుంది, ఫ్లోరిడా మయామితో దానికి సంబంధం లేదు. అక్కడ న్యూవెల్ వాళ్లు 1967 నుంచి ఏడాదికి కొద్ది బండ్లే కడుతున్నారు. ప్రెవో పద్ధతికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఛాసిస్ నుంచి దిండు గలేబు దాకా ఒక్క కప్పు కిందే. కొనేవాడి కొలతకి కుట్టినట్టు కడతారు. తలుపుని ముందు కాకుండా బండి మధ్యలో పెట్టించుకోవచ్చు. అప్పుడు ముందున్న మెట్ల గుంట పోతుంది, డ్రైవరు పక్క సీటుకి నేల దొరుకుతుంది. ఈ సంగతి చిన్నదిగా అనిపించవచ్చు, మళ్లీ చెబుతాను దీని గురించి.

అదే 1967లో టెక్సస్‌లోని నాకడోచెస్‌లో మొదలైన ఫోర్‌ట్రావెల్ గురించి చెప్పుకోవాల్సింది దాని బ్రేకు. సీటు సుఖం గురించి మాట్లాడుతూ బ్రేకు ఎందుకంటారా? కొలరాడోలో ఇంటర్‌స్టేట్ 70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం ఉంది. సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తు. దాన్ని దాటి పడమరకి దిగుతుంటే రోడ్డు ప్రతి 100 మీటర్లకి 7 మీటర్లు కిందికి జారుతూ మైళ్ల తరబడి పోతుంది. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పిన లారీలు ఎక్కి ఆగడానికి కంకర దిబ్బలు కట్టి ఉంచారు. అక్కడ ఇరవై టన్నుల ఇంటిని బ్రేకు పెడలు మీద పాదంతో దించుతుంటే పిక్క రాయైపోతుంది, ఒంట్లో ఒక్క కండరమూ సడలదు. ఫోర్‌ట్రావెల్ పాత మోడళ్లలో ఎలిసన్ కంపెనీ గేరు పెట్టెలోనే నూనె ఒత్తిడితో వేగం తగ్గించే రిటార్డర్ ఉండేది. చేతికందే చిన్న పుల్ల లాంటి మీట. దాన్ని ఒక్కో మెట్టు వెనక్కి లాగితే బండి తనంతట తాను నెమ్మదిస్తుంది, పాదం ఖాళీ. ఆ బండ్లు ఇరవై ఏళ్లు పాతబడ్డా కొండప్రాంతాల వాళ్లు వెదికి కొనుక్కోవడానికి ఈ పుల్ల ఒక పెద్ద కారణం. మిగతా బండ్లలో ఇంజను బ్రేకు ఉంటుంది. అదీ మంచిదే, పాదానికి విశ్రాంతే.

ఈ మధ్య ఇంకో రకం బాగా పెరుగుతోంది. సూపర్ సీ అంటారు. ఫ్రెయిట్‌లైనర్ లారీ ముక్కు యథాతథంగా ఉంచి వెనక ఇల్లు కడతారు. పొడుగాటి బానెట్ ముందు, చక్రం దాని కింద, మనిషి చక్రానికి వెనక. నేను మొదట వేసిన ప్రశ్నకి ఇది లారీ వాళ్లిచ్చిన జవాబు. కుదుపు తక్కువ, మలుపు తేలిక, ఎదురుగా ఏదైనా తగిలితే ముందు బోలెడంత ఇనుముంది. లారీ డ్రైవర్ల కోసం చేసిన సీటు, పెడళ్లు. బదులుగా ఇంజను చప్పుడు దగ్గరికొస్తుంది, ముందు అద్దం చిన్నదవుతుంది, కాబిన్‌లోంచి ఇంట్లోకి వెళ్లే దారి ఇరుకవుతుంది. పుషర్ల నుంచి దీనికి మారినవాళ్లు ఒక్కోసారి మతం మార్చుకున్నవాళ్లంత పట్టుదలగా వాదిస్తారు. వాళ్లది పూర్తిగా తప్పని అనలేను.

జర్మనీ వాళ్ల గురించి ఒక్క మాట. ష్లూసెల్‌ఫెల్డ్ ఊళ్లోని మోరెలో, కాంకోర్డ్, వుప్పర్టాల్‌లోని ఫోల్క్‌నర్ మోబిల్ — వీళ్లవి యూరప్ ఖండంలో రాజుల బండ్లు. ఫోల్క్‌నర్ బండి పొట్ట కింద, రెండు ఇరుసుల మధ్య, స్పోర్ట్స్ కారు పెట్టుకునే అర ఉంటుంది. ఫొటోలన్నీ ఆ కారువే. నాకు మాత్రం నచ్చేది సీటు: అక్కడి లారీలకి సీట్లు చేసే ఇస్రీ కంపెనీ వస్తువులు మోటార్‌హోముల్లో కూడా మామూలు. అక్కడ ఏడున్నర టన్నులు దాటిన మోటార్‌హోముకి ఆటోబాన్ మీద కూడా 80 కిలోమీటర్లే గరిష్ఠ వేగం. నెమ్మదిగా, ఎక్కువ సేపు కూర్చోవాలి. కాబట్టి సీటు బాగుండక తప్పదు.

చివరగా కుడి సీటు. ఈ పోలికలన్నీ నడిపేవాడి గురించే. నడిపేవాడి పక్కన గంటల తరబడి కూర్చునే మనిషి లెక్కలోకి రారు. తలుపు ముందే ఉన్న బండ్లలో ఆ సీటు ముందు మెట్ల గుంట ఉంటుంది. కాళ్లు ఆనడానికి నేల లేదు. మీటనొక్కితే గుంట మీదికి ఒక పలక జరిగి మూసుకుంటుంది, అది ఉంటే నయం. ఆ పలక మీద కాళ్లు పెట్టుకున్నాక ముందు అద్దం తప్ప ఏమీ ఉండదు. చక్రం వెనక ఉంది, ముందు రోడ్డు నేరుగా కాళ్ల కిందికి వచ్చేస్తున్నట్టు ఉంటుంది. డ్రైవరుకి కనీసం స్టీరింగు ఉంది పట్టుకోవడానికి. కుడివైపు కూర్చున్నామెకి రోడ్డు అంచు, దాని పక్కన లోయ. కొలరాడోలో భర్తలు వంపు తిప్పుతున్నప్పుడు భార్యలు కనబడని బ్రేకు తొక్కడం ఈ సీటు ప్రత్యేకత.

అందుకని కొనేవాళ్లకి నేను చెప్పేది ఒక పద్ధతి. షోరూములో గోడలన్నీ లోపలికి తెప్పించండి. మీరు రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకునే కూర్చోండి. పాదాలు నేలకి ఆనాయా, బ్రేకు తొక్కినప్పుడు మడమ ఎక్కడుంది, బెల్టు భుజాన్ని ఎక్కడ దాటుతోంది చూడండి. తర్వాత కాంక్రీటు హైవే మీద ఒక గంట నడిపించమనండి. ఆ గంటలో సగం మీరు నడపండి, సగం మీ ఆవిడ నడపాలి. ఆమె నడుపుతున్నప్పుడు మీరు కుడి సీట్లో కూర్చోండి, మెట్ల పలక వెయ్యకుండా. వెనక్కి వచ్చాక ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా చెరో కాగితం మీద ఏ బండి కావాలో రాసుకుని, అప్పుడు చూపించుకోండి.